‘టు’ పెట్టాలా, ‘ఇంగ్’ పెట్టాలా?

ఇంగ్లీష్‌లో మెసేజ్ టైప్ చేస్తూ ‘టు’ పెట్టాలా, ‘ఇంగ్’ తగిలించాలా అని ఎన్నిసార్లు ఆగారు? చాట్‌లో అయితే ఎలా రాసినా నడిచిపోతుంది. అన్నిచోట్లా నడవదు.

మా చెల్లి నర్సింగ్ పూర్తిచేసి, విదేశాల్లో ఉద్యోగం కోసం ఓఈటీకి ప్రిపేర్ అవుతోంది. అందులో పేషెంట్ వివరాలు చదువుకుని 45 నిమిషాల్లో ఒక లెటర్ రాయాలి. మొన్న ప్రాక్టీస్‌లో ‘హీ స్టాప్డ్ టు టేక్ ద టాబ్లెట్స్’ అని రాసింది. పేషెంట్ మాత్రలు మానేశాడని దాని ఉద్దేశం. కానీ ఆ వాక్యానికి అర్థం, చేస్తున్న పని ఆపి మరీ మాత్రలు వేసుకున్నాడని! మానేశాడని చెప్పాలంటే ‘స్టాప్డ్ టేకింగ్’ అనాలి. అదే నిజం లెటర్ అయితే? చదివే డాక్టర్ మందులు సరిగ్గానే పడుతున్నాయనుకుంటే?

‘‘నాకు ఇంగ్లీష్ రాదక్కా’’ అని పుస్తకం మూసేసింది.

‘‘తెలుగు వచ్చు కదా! ‘వేసుకోవడం ఆపాడు’, ‘వేసుకోవడానికి ఆగాడు’... ఈ రెండూ ఒకటేనా?’’ అన్నాను. కాదంది. తేడా దానికి ముందే తెలుసు. పేర్లే తెలీవు.

అలాగని ‘డం’ కనిపించిన ప్రతిచోటా ‘ఇంగ్’ పెట్టేయకండి. ‘తాళం వేయడం మర్చిపోయా’ అంటే తాళం పడలేదు. అందుకే ‘ఫర్‌గాట్ టు లాక్’. ‘ఫోన్ చేసినట్టు గుర్తుంది’ అంటే పని అయిపోయింది. అందుకే ‘రిమెంబర్ కాలింగ్’. ‘గుర్తుపెట్టుకుని ఫోన్ చేశా’ అంటే ముందు గుర్తు, తర్వాత ఫోన్. కాబట్టి ‘రిమెంబర్డ్ టు కాల్’. ఇలాంటి మాటలతో ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: గుర్తుకీ, మరుపుకీ ముందే ఆ పని జరిగిపోయిందా? జరిగితే ‘ఇంగ్’, లేదంటే ‘టు’.

‘ట్రై’ సంగతి ఇంకా సరదా. ఫోన్ హ్యాంగ్ అయితే ‘రీస్టార్ట్ చేసి చూశా’ అంటాం కదా, అదే ‘ట్రైడ్ రీస్టార్టింగ్’. ‘తలుపు తీయబోయా, రాలేదు’ అంటే ‘ట్రైడ్ టు ఓపెన్’.

కొన్నింటికి మాత్రం ఈ చిట్కా పనిచేయదు. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్ తర్వాత ‘ఇంగ్’. వాంట్, డిసైడ్, హోప్ తర్వాత ‘టు’. వీటిని బస్ నంబర్లలా గుర్తుపెట్టుకోవాల్సిందే.

మిగతా వాటికి భయమెందుకు? ముందు ఆ మాట తెలుగులో అనుకోండి. ఏం జరిగిందో, ఏది జరగలేదో అక్కడే తేలిపోతుంది. ‘ఇంగ్లీష్ రాదు’ అని పుస్తకం మూసేసే ముందు మన భాషని ఒక్కసారి అడిగి చూడండి.