పూలజడ బెంగ

పెళ్లి మండపానికి పూలతన్ని మాట్లాడుకోవడం తేలికే. ఫోన్లో ఫొటోలు చూపిస్తాడు, ప్యాకేజీ చెబుతాడు, అడ్వాన్సు పుచ్చుకుంటాడు. నా బెంగంతా పూలజడ గురించే. కడియపులంక మార్కెట్‌లో బంతి, చామంతి రాశుల మధ్య తిరుగుతున్నా అదే ఆలోచన. మల్లెలేమో వేసవి పూలు, ముహూర్తమేమో మాఘంలో. దొరికినా ధర మండిపోతుంది. కనకాంబరానికి వాసన లేదు గానీ తేలిగ్గా ఉంటుంది, తెల్లవారుజాము ముహూర్తం దాకా వాడదు. దానికే నా ఓటు. ఇక ఆ ప్లాస్టిక్ పూలగోడలంటారా... సరే, సెల్ఫీల కోసం ఉండనీండి.

మల్లెలే కావాలంటే మొగ్గను చేతిలోకి తీసుకుని చూడండి. అంచు గోధుమరంగుకు తిరిగితే పాతదే. ఎప్పుడు కోశారని అడగండి. జవాబుకు తడుముకునేవాడికి మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి.