ఒక ఎల్పీలో ఎన్ని పొరలు

పాత ఎల్పీ రికార్డులు సేకరించేవారిలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీత ప్రియులది ఒక విలక్షణమైన శాఖ. సినిమా పాటల సేకర్త తనకు కావలసిన పాట దొరకగానే తృప్తిపడి మరొక పాటను వెతుక్కుంటూ పోతాడు; వీరు అలా కాక, ఇంట్లో ఇప్పటికే ఉన్న కృతినే మరొక వాద్యబృందం వాయించిందనో, మరొక దేశంలో అచ్చయిందనో మళ్లీ మళ్లీ కొంటారు. బయటివారికి వ్యసనంగా కనిపించే ఈ అలవాటుకు మూలం ఆ సంగీత స్వభావంలోనే ఉంది. కర్ణాటక సంగీతంలో కీర్తనకు పాఠాంతరాలుంటాయి, సంగతులు గురుపరంపరను బట్టి మారుతాయి, ఆలాపన, స్వరకల్పన పూర్తిగా విద్వాంసుని మనోధర్మం మీద ఆధారపడతాయి. కనుక ఇద్దరి బాణీల మధ్య తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. పాశ్చాత్య సంప్రదాయంలో, అందులోనూ బీథోవెన్ నాటి నుంచి, ప్రతి స్వరమూ దాని నిడివీ ఎంత బిగ్గరగా పలకాలన్నదీ కాగితం మీద రాసి ఉంటాయి. అందరూ అదే కాగితం చూసి వాయించినప్పుడు మిగిలే తేడా చాలా సన్ననిది, సేకర్త వేట అంతా దాని కోసమే.

ఈ వేటకు వీలు కల్పించింది ఎల్పీయే. అంతకు ముందున్న, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. ఆ లక్కలో అధికభాగం భారతదేశపు అడవుల నుంచే వెళ్లేది కాబట్టి, బెర్లిన్‌లో వాయించిన సింఫనీకి ఛోటా నాగపూర్ చెట్ల మీది లక్కపురుగు కూడా తన వంతు తోడ్పడిందనవచ్చు. 12 అంగుళాల రికార్డులో ఒక వైపు నాలుగైదు నిమిషాలకే ముగిసేది. గంటకు పైగా సాగే బీథోవెన్ తొమ్మిదో సింఫనీని వినదలచినవారు దాదాపు పదిహేనుసార్లు లేచి రికార్డు మార్చవలసి వచ్చేది, ఆ స్థితిలో రెండు వాదనాలను ఆసాంతం పోల్చి వినడం ఓపికకు పరీక్షే. 1948 జూన్‌లో అమెరికాలో కొలంబియా సంస్థ విడుదల చేసిన ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగేది, వినైల్ అనే ప్లాస్టిక్ మీద సన్నని గాడి చెక్కినందువల్ల ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు మించి మోగేది. సింఫనీలోని ఒక భాగం మధ్యలో తెగకుండా వినిపించడం మొదలయ్యాకే, ఒక సంగీత నిర్వాహకుని ఊహ మరొకరి ఊహతో ఎక్కడ విడిపోయిందో ఇంట్లో కూర్చొని గుర్తించడం సాధ్యమయింది.

పోలికకు మంచి ఉదాహరణగా తరచు చెప్పేది కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ వాయించిన బాఖ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్. ఒక గీతాన్ని ముందు వాయించి, దాని కింది స్వరాల నడకను ఆధారంగా చేసుకొని ముప్ఫై రూపాంతరాలు కట్టి, చివర మళ్లీ ఆ గీతాన్నే వినిపించే రచన ఇది. గూల్డ్ దీనిని 1955లో ఒకసారి, 1981లో మరొకసారి, రెండుసార్లూ న్యూయార్కులో కొలంబియా సంస్థకు చెందిన 30వ వీధి స్టూడియోలోనే రికార్డు చేశాడు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది 51 నిమిషాలు. ఈ అంకెలు చూసి గూల్డ్ వయసు మీరాక నెమ్మదించాడని తేల్చేవారు కొందరున్నారు. అయితే మొదటిసారి అతడు ఒక్కో భాగాన్ని మళ్లీ వాయించమని రాసిన పునరావృత్తులన్నీ వదిలేశాడు, రెండోసారి కొన్ని రూపాంతరాల్లో వాటిని పాటించాడు, కాబట్టి అదనపు నిమిషాలన్నీ లయ తగ్గినందువల్ల వచ్చినవి కావు. తొలి గీతంలో మాత్రం తేడా నిజమైనదే: మొదట రెండు నిమిషాల లోపు ముగిసిన గీతం రెండోసారి మూడు నిమిషాలు దాటుతుంది. గడియారాన్ని నమ్మే సేకర్త ముందుగా ఇటువంటి విషయాలు తెలుసుకోవలసి ఉంటుంది, ఎందుకంటే రికార్డు అట్ట మీది నిడివి నిజమే చెప్పినా కారణం చెప్పదు.

గూల్డ్ విషయంలో గది ఒకటే గనుక సరిపోయింది. వాద్యబృందాల రికార్డుల్లో వాదనం కంటే ముందు వినిపించేది చాలాసార్లు గదే. న్యూయార్కులో సంగీత నిర్వాహకుడు టోస్కనీనీ ఎన్‌బీసీ రేడియో వాద్యబృందాన్ని నడిపిన 8-హెచ్ స్టూడియోలో ప్రతిధ్వని దాదాపు లేదు. అక్కడ ప్రతి స్వరమూ ఎండుగా, కోసినట్లుగా వినిపిస్తుంది, దానిని విన్నవారు అది టోస్కనీనీ కాఠిన్యమే అనుకోవడం సహజం. లండన్‌లోని కింగ్స్‌వే హాలు ఇందుకు పూర్తిగా విరుద్ధం. మెథడిస్టు క్రైస్తవుల సభామందిరమైన ఆ హాలులో తీగవాద్యాల నాదం నిండుగా విచ్చుకొనేది, అందుకే డెక్కా, ఈఎంఐ సంస్థలు దశాబ్దాల పాటు దానిని వదలలేదు. దాని కిందుగా పికాడిల్లీ మార్గపు భూగర్భ రైళ్లు వెళ్లేవి. మంద్రస్థాయి మెత్తగా ఉన్న చోట కొన్ని రికార్డుల్లో ఆ రైలు గురగుర ఇప్పటికీ వినబడుతుంది, మంచి స్పీకర్లు కొన్నవారు దానిని గుర్తుపట్టి గర్వపడటం కూడా కద్దు.

గది తరువాత మైకు. 1951లో షికాగోలో కూబెలిక్ నిర్వహణలో ముస్సోర్గ్‌స్కీ రచన ‘చిత్రప్రదర్శన’ను మెర్క్యురీ సంస్థ వాద్యబృందం ముందు ఎత్తున వేలాడదీసిన ఒకే ఒక్క మైకుతో పట్టుకొన్నది. 1954 మార్చిలో అదే నగరంలో ఫ్రిట్జ్ రైనర్ నడిపిన స్ట్రౌస్ రచనలను ఆర్‌సీఏ సంస్థ స్టీరియోలో, అంటే కుడి ఎడమలు వేరుగా వినిపించేట్టు, టేపు మీద ఎక్కించింది. స్టీరియో ఎల్పీలు అమ్మకానికి వచ్చింది 1958లో గనుక ఆ నాదం ఎల్పీ కొన్నవారికి అంతవరకు మోనోలోనే అందింది. డెక్కా ఇంజనీర్లు అదే 1954లో నిర్వాహకుని తలకు పైన మూడు మైకులను టీ ఆకారంలో అమర్చే పద్ధతిని రూపొందించారు, దానికి డెక్కా ట్రీ అన్న పేరు స్థిరపడింది. ఒకే సింఫనీని ఈ మూడు పద్ధతుల్లో విన్నవారు, తీగలు దగ్గరగా ఉన్నాయనీ ఇత్తడి వాద్యాలు దూరంగా ఉన్నాయనీ చెప్పే తీర్పులో సగం నిర్వాహకునికి కాక మైకు పెట్టినవారికి చెందుతుంది.

ఇక మూడో పొర అచ్చు, సేకర్తలు ఎక్కువగా పోట్లాడుకొనేది దీని మీదే. టేపు మీది నాదాన్ని ముందుగా మెత్తని లక్కర్ పూత ఉన్న పలక మీద గాడిగా కోస్తారు. దాని మీద లోహపు పూత పెంచి తీసినది తండ్రి పలక, దాని నుంచి తీసినది తల్లి పలక, తల్లి నుంచి తీసిన అచ్చు పలకలతో వినైల్‌ను వేడిగా నొక్కితే రికార్డు తయారవుతుంది. ఒక్కో అచ్చు పలక కొంతకాలానికి అరిగిపోతుంది గనుక తొలి ప్రతుల్లో నాదం పదునుగా ఉంటుందని నమ్మకం. గాడి ముగిసిన తరువాత లేబుల్ చుట్టూ మిగిలే నున్నని వలయంలో ఈ వంశవృక్షమంతా రహస్య లిపిలో ఉంటుంది. డెక్కా సంస్థ అచ్చు పలకల వరస సంఖ్యలను బకింగ్‌హామ్ పేరులోని ఇంగ్లీషు అక్షరాలతో సూచించింది. ఆ పేరులో పది అక్షరాలున్నాయి, ఏదీ రెండోసారి రాదు, కాబట్టి మొదటిది 1, చివరిది సున్న. ఈఎంఐ ఇదే పనికి గ్రామఫోన్ లిమిటెడ్ అన్న మాటల నుంచి ఏరిన పది అక్షరాలను వాడింది. భూతద్దంతో ఈ అక్షరాలు చదివే విద్య ముచ్చటైనదే గాని, నలుగురి ఇళ్లలో అరిగిన తొలి ప్రతి కంటే జాగ్రత్తగా దాచిన పదో ప్రతి బాగా మోగుతుందన్న సాధారణ సత్యాన్ని అది తరచు మరిపిస్తుంది.

గాడి జ్యామితి కూడా పోలికను తప్పుదోవ పట్టిస్తుంది. రికార్డు తిరిగే వేగం మారకపోయినా, బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి సాగితే, లేబుల్ దగ్గరకు వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే నాదం అంత ఇరుకులో ఇమడవలసి రావడంతో గొంతు బొంగురుపోతుంది. సింఫనీలు సాధారణంగా మహాఘోషతో ముగుస్తాయి, ఆ ఘోష సరిగ్గా ఈ ఇరుకులోనే పడుతుంది. ఒక సంస్థ అరగంట రచనను ఒకే వైపు కుదించి, మరొక సంస్థ రెండు వైపులకు పంచితే, రెండో రికార్డులోని ముగింపు ఘనంగా అనిపించడంలో నిర్వాహకుని ప్రతిభ ఏమీ ఉండకపోవచ్చు. పోల్చేముందు రెండింటి ధ్వనిని సమానం చేయడం మరొక ప్రాథమిక నియమం, ఏమంటే కొంచెం బిగ్గరగా మోగినదే మేలైనదని చెవి అప్పటికప్పుడు తీర్పు చెబుతుంది.

ధర సంగతి క్లుప్తంగా చాలు. హంగరీ వయొలిన్ విద్వాంసురాలు యొహానా మార్ట్సీ 1954–55లో రికార్డు చేసిన బాఖ్ ఒంటరి వయొలిన్ రచనలు మూడు మోనో ఎల్పీలుగా ఇంగ్లండులో వెలువడ్డాయి. ఆ తొలి ముద్రణకు నేడు వేల పౌండ్లు పలుకుతున్నాయి. ఆమె వాదనం గొప్పదే, కాని ఆ వేలు కొరతకు కట్టిన ధర.

ఈ పొరలన్నిటికీ పైన ఉండేది, అన్నిటికంటే మొండిదీ, లేబుల్ మీది పేరు. రుమేనియా పియానిస్టు దీను లిపాటీ 1950లో 33 ఏళ్ల వయసులో మరణించాడు, చాలా తక్కువ రికార్డులు మిగిల్చాడు. 1960ల నడుమ ఈఎంఐ సంస్థ, లిపాటీ వాయించినదిగా భావించి, షోపాన్ మొదటి పియానో కచేరీరచనను ఎల్పీగా తెచ్చింది; వాద్యబృందం ఏదో తెలియలేదు, అయినా అభిమానులు దానిని అపురూపంగా దాచుకొన్నారు. 1981లో బీబీసీ దానిని ప్రసారం చేసినప్పుడు, ఇది పోలండుకు చెందిన హలీనా చెర్నీ-స్తెఫాన్‌స్కా చెక్ సంస్థ సుప్రాఫోన్‌కు చేసిన రికార్డులా ఉందని ఒక శ్రోత తెలియజేశాడు, పరీక్షిస్తే రెండూ అక్షరాలా ఒకటేనని తేలింది. 1949 వార్సా షోపాన్ పోటీలో మొదటి బహుమతిని మరొకరితో పంచుకొన్న ఆ విద్వాంసురాలి వాదనాన్ని అంతకాలం లిపాటీ పేరు మీద ఆస్వాదించినవారు నిజంగానే మంచి సంగీతం విన్నారు, అయితే లిపాటీ ముద్రలుగా వారు గుర్తించినవన్నీ ఆమెవి. ఆ తరువాత 1950 ఫిబ్రవరిలో జ్యూరిక్ కచేరీలో లిపాటీ స్వయంగా వాయించిన అదే రచన టేపు దొరికి ఎల్పీగా వచ్చింది; దానిలో నాదం ఎంతో మసకగా ఉంటుంది, పియానో వెనుక వాద్యబృందం సగం మాత్రమే వినిపిస్తుంది, అయినా ఈసారి పేరు మాత్రం సరైనదే.