నిప్పుకొండ పాఠం

పాఠశాలల్లో జరిగే వైజ్ఞానిక ప్రదర్శనల్లో అగ్నిపర్వతపు నమూనా తరచుగా కనిపిస్తుంది. బంకమట్టితో కొండను మలచి, శిఖరం వద్ద చిన్న సీసాను అమర్చి, అందులో వంటసోడా వేసి, ఎర్రరంగు కలిపిన వెనిగర్‌ను పోస్తారు. నురగ ఉవ్వెత్తున పొంగి కొండవాలు మీదుగా జారుతుంది. చూపరులు చప్పట్లు కొడతారు. నమూనాను తయారుచేసిన పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. ఆ ఆనందం విలువైనదే. ఆసక్తి లేనిదే విద్య లేదు. అయితే ఆ నమూనా విద్యార్థి మనసులో మూడు అపోహలను కూడా నాటుతుంది. రెండు పదార్థాలు కలిసి రసాయనిక చర్య జరగడం వల్లనే కొండ పొంగుతుందన్నది మొదటిది. ప్రమాదమంతా ఆ ఎర్రని ద్రవంలోనే ఉందన్నది రెండవది. ఆ ప్రమాదం కొండ పాదం వద్ద ముగిసిపోతుందన్నది మూడవది. ఈ అపోహలను తొలగించడమే అగ్నిపర్వతాల గురించిన బోధనకు అసలైన ప్రయోజనం. ఆ ప్రయోజనం నెరవేరని చోట వేలాది ప్రాణాలు పోయాయని, నెరవేరిన చోట వేలాది ప్రాణాలు నిలిచాయని చరిత్ర చెబుతోంది.

అగ్నిపర్వతం అనే పేరులోనే కొంత పొరపాటు ఉంది. ఆ కొండ గర్భంలో కట్టెలవలె మండే నిప్పు ఏదీ లేదు. శిఖరం నుండి లేచేది పొగ కాదు. అది నీటి ఆవిరి, ఇతర వాయువులు, సూక్ష్మమైన రాతిపొడి కలిసిన మేఘం. దానినే లోకం బూడిద అంటుంది. భూమి పైపొర కొన్ని పెద్ద ఫలకాలుగా విడివడి ఉన్నది. ఈ ఫలకాలు అతి నెమ్మదిగా కదులుతూ ఒకచోట దూరంగా జరుగుతాయి. మరొకచోట ఒకటి మరొకదాని కిందికి దిగిపోతుంది. ఇటువంటి చోట్ల భూగర్భంలోని శిల కొంతమేర కరుగుతుంది. ఈ శిలాద్రవమే మాగ్మా. చుట్టూ ఉన్న రాతికంటే తేలికైనది కనుక అది పైకి ప్రయాణిస్తుంది. నేలమీదికి వచ్చిన తరువాత దానిని లావా అంటారు. దాని ఉష్ణోగ్రత సుమారు 700 నుండి 1,200 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది.

కేవలం వేడి వల్ల కొండ పగలదు. పగలగొట్టే శక్తి వాయువులది. ఈ సంగతిని బోధించడానికి వెనిగర్ కంటే గోలీసోడా మేలైన సాధనం. సీసా మూతిలో గోలీ బిగిసి ఉన్నంతసేపు లోపలి నీరు నిశ్చలంగా కనిపిస్తుంది. వాయువు అందులో కరిగి అణిగి ఉంటుంది. గోలీని లోపలికి నొక్కగానే ఒత్తిడి సడలి, కరిగిన వాయువు బుడగలై, నీటిని నెట్టుకుంటూ బయటికి దూకుతుంది. భూగర్భంలోని శిలాద్రవంలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ వంటివి ఇదే విధంగా కరిగి ఉంటాయి. ద్రవం పైకి వచ్చేకొద్దీ మీది బరువు తగ్గుతుంది. బుడగలు పుట్టి, పెరిగి, దారి వెతుక్కుంటాయి.

ఆ దారి ఎంత సులువుగా దొరుకుతుందన్నది ద్రవపు చిక్కదనం మీద ఆధారపడి ఉంటుంది. పొయ్యిమీద చారు మరుగుతున్నప్పుడు ఆవిరి తేలికగా వెళ్లిపోతుంది. జొన్నసంకటి ఉడుకుతున్నప్పుడు మాత్రం ఆవిరి లోపలే చిక్కుకొని, బుడగ ఉబ్బి, ఒక్కసారిగా పగిలి, కలియబెట్టేవారి చేతిమీద చిందుతుంది. హవాయి దీవుల్లోని కిలావేయా లావా చారు వంటిది. అది ఏరులై పారుతుంది; ఇళ్లను, తోటలను దహించినా, మనుషులకు తప్పుకొనే వ్యవధిని సాధారణంగా ఇస్తుంది. సిలికా అధికంగా గల చిక్కని శిలాద్రవం సంకటి వంటిది. అది పారదు, పేలుతుంది. అప్పుడు వేడి వాయువులు, బూడిద, రాళ్లు కలిసిన మేఘం కొండవాలు వెంట గంటకు 80 కిలోమీటర్లకు మించిన వేగంతో దిగివస్తుంది. దానిముందు పరుగెత్తి బతకడం మనిషికి దాదాపు అసాధ్యం. ప్రదర్శనలో పిల్లలు చూపే ఎర్రని ధారకంటే, చూపని ఈ బూడిదరంగు మేఘమే ఎక్కువ ప్రాణాంతకమైనది.

మూడవ అపోహకు సమాధానం కొలంబియా దేశంలో ఉన్నది. అక్కడ నెవాడో దెల్ రూయిజ్ అనే మంచుకొండ 5,300 మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది. 1985 నవంబరు 13న రాత్రి తొమ్మిది గంటలు దాటాక అది పేలింది. పెద్ద పేలుడేమీ కాదు. శిఖరం మీది మంచులో కొద్దిభాగమే కరిగింది. ఆ నీరు బూడిదను, మట్టిని, బండలను కలుపుకొని బురద వెల్లువగా మారి నదీలోయల్లోకి దిగింది. లోయ వెంట 70 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆర్మెరో పట్టణానికి అది చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. సమీపంలోని మెరక ప్రదేశానికి నడిచి వెళ్లడానికి ఆ వ్యవధి చాలు. కానీ పట్టణం నిద్రపోతున్నది. ఆ రాత్రి మొత్తం మీద 23,000 మందికి పైగా మరణించారు.

ఈ విషాదంలో మరింత బాధాకరమైన విషయం మరొకటి ఉంది. ఏ ప్రాంతాలకు ముప్పు పొంచి ఉన్నదో చూపే పటాన్ని శాస్త్రజ్ఞులు నెల రోజుల ముందే సిద్ధం చేశారు. ఆర్మెరో ప్రమాద ప్రాంతంలోనే ఉన్నట్లు ఆ పటం స్పష్టంగా చూపింది. 1845లో ఇటువంటి బురదే అక్కడి లోయను ముంచెత్తిన చరిత్ర కూడా ఉన్నది. జ్ఞానం ఉన్నది; అది జనుల మనసుకు చేరలేదు. పటంలోని రంగులు, గీతలు సామాన్యుని కంటికి బురద వెల్లువగా కనిపించలేదు.

ఆర్మెరో ఘోరం ఫ్రాన్సు దేశానికి చెందిన మోరిస్ క్రాఫ్ట్, కాట్యా క్రాఫ్ట్ దంపతులను తీవ్రంగా కదిలించింది. ప్రపంచమంతటా తిరిగి అగ్నిపర్వతాలను అతి సమీపం నుండి చిత్రీకరించడమే వారి జీవితం. తమ చిత్రాలు చూసి జనం అబ్బురపడితే చాలదని, ప్రమాదాన్ని గుర్తించి తప్పుకోవాలని వారు భావించారు. బూడిద మేఘం ఎలా దూకుతుందో, బురద వెల్లువ ఊళ్లను ఎలా మింగుతుందో, బూడిద బరువుకు ఇళ్ల కప్పులు ఎలా కూలుతాయో చూపే వీడియో చిత్రాన్ని రూపొందించారు.

ఆ చిత్రానికి పరీక్ష 1991లో ఎదురైంది. ఫిలిప్పీన్స్‌లోని పినటూబో సుమారు 500 సంవత్సరాలుగా నిద్రాణమై ఉన్నది. దట్టమైన అడవి కప్పిన ఆ కొండ ఒక అగ్నిపర్వతమని చుట్టుపక్కల ఎందరికో తెలియదు. ఏప్రిల్ 2న శిఖరం వద్ద ఆవిరి పేలుళ్లు మొదలయ్యాయి. ఫిలిప్పీన్స్, అమెరికా దేశాల శాస్త్రజ్ఞులు భూకంపమాపకాలు అమర్చి, వెలువడే సల్ఫర్ డయాక్సైడ్‌ను కొలిచారు. అది మే నెలలో రెండు వారాల వ్యవధిలోనే పదిరెట్లు పెరిగింది. ప్రమాద తీవ్రతను ఒకటి నుండి ఐదు వరకు అంకెలతో ప్రకటించారు. అయినా నమ్మనివారు ఉన్నారు. అటువంటి అధికారులకు, గ్రామ ప్రజలకు క్రాఫ్ట్ దంపతుల చిత్రాన్ని ప్రదర్శించారు. చూసినవారికి అంకెల వెనుక ఉన్న అర్థం బోధపడింది. కొండవాలుల్లో నివసించే ఆయితా గిరిజనులతో సహా వేలాది కుటుంబాలు తరలివెళ్లాయి.

జూన్ 15న పినటూబో మహా విస్ఫోటనం జరిగింది. ఇరవయ్యవ శతాబ్దపు అతిపెద్ద విస్ఫోటనాల్లో అది ఒకటి. అదేరోజు తుపాను వచ్చి, వానకు తడిసిన బూడిద బరువెక్కి కప్పులు కూలడంతో వందలమంది మరణించారు. కానీ ముందస్తు హెచ్చరిక, తరలింపు వల్ల కనీసం 5,000 ప్రాణాలు దక్కాయని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ ఫలితాన్ని చూడడానికి క్రాఫ్ట్ దంపతులు లేరు. పన్నెండు రోజుల ముందు, జూన్ 3న, జపాన్‌లోని ఉన్జెన్ పర్వతం వద్ద బూడిద మేఘం వారిని, మరి 41 మందిని బలిగొన్నది. ఏ ప్రమాదాన్ని లోకానికి చూపారో ఆ ప్రమాదానికే వారు ఆహుతయ్యారు.

అగ్నిపర్వతాలు లేని తెలుగు నేలమీద ఈ పాఠం ఎందుకనే సందేహం కలగవచ్చు. వాయవ్య తెలంగాణలో పత్తిని పండించే నల్లరేగడి, సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమిని కప్పిన లావా శిలలు శిథిలమై ఏర్పడినదే. నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం వద్ద, సుమారు 74,000 ఏళ్ల నాడు సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద నేటికీ పొరగా కనిపిస్తుంది. సముద్రాన్ని దాటి వచ్చిన ఆ బూడిద కిందా, పైనా కూడా ఆదిమానవుల రాతి పనిముట్లు లభించాయి. అండమాన్‌లోని బారెన్ దీవి చాలాకాలం మౌనంగా ఉండి 1991లో తిరిగి మేల్కొన్నది. అగ్నిపర్వతపు ప్రభావానికి దేశాల సరిహద్దులు లేవు. దాని నిద్రకు మనిషి ఆయుష్షు కొలమానం కాదు.

కనుక తరగతి గదిలో మట్టికొండ పొంగినప్పుడు చప్పట్లతో పాఠం ముగియరాదు. ఆ కొండ కింద వాగును గీయాలి, వాగు ఒడ్డున ఊరును గుర్తించాలి. కొండ పేలితే ఆ ఊరికి ఎంత సమయం ఉంటుంది, ఎటువైపు మెరక ఉన్నది అనే ప్రశ్నలు వేయాలి. తుపాను తీరంలోనైనా, వరదలు వచ్చే నదీతీరంలోనైనా విద్యార్థి తన ఊరి గురించి ఇవే ప్రశ్నలు వేసుకోగలగాలి. ఆర్మెరోలో పటం ఉన్నది, దానిని చదివి చెప్పేవారు కరువయ్యారు. ఆ కొరతను తీర్చగలవారు తరగతి గదుల్లోనే తయారవుతారు.