హాజరుపట్టీ

పల్లెలో దొంగతనము జరిగిన మఱునాటి యుదయమున రెండు ప్రశ్నలు పుట్టును. పోయిన దేమి యనునది మొదటిది. తీసినవా రెవరనునది రెండవది. మొదటిదానికి ప్రత్యుత్తరము కావలెనన్న పెట్టె తెఱచి చూడవలెను. రెండవదానికి వెదకనక్కఱయే లేదు. నలుగురును ఊరిచివర గుడిసెలవంక చూతురు. ఈ చూపునకొక చరిత్ర గలదు. అది మన యిండ్లలో నెఱిగినవారు తక్కువ గనుక నాలుగుమాటలు వ్రాయుచున్నాను.

మునుపు గ్రామరక్షణము గ్రామమువారి పనియే. 1816వ సంవత్సరమున చెన్నపురి ప్రభుత్వమువారు చేసిన నిబంధన ననుసరించి గ్రామాధికారియే పోలీసుపెద్ద. తలారి యాతనికి చేదోడు. తలారికి ఇంటింటి గుట్టును తెలియును. అతడు పక్షపాతి కావచ్చును, పెత్తందారునకు జడియవచ్చును. అయినను మనుష్యుని మనుష్యునిగా నెఱిగినవాడు. 1859లో జీతములుగల పోలీసుదళ మేర్పడెను. ఒక్కొక్క ఠాణాక్రింద పెక్కు గ్రామములు. అందలి యుద్యోగి నేడొకచోట, రేపొకచోట. ముఖము లెఱుగనివానికి కాగితము కావలెను. కాగితముమీద మనిషినడత వ్రాయుటకంటె కులము వ్రాయుట సులభము.

ఈ సులభమార్గమునకు శాసనగౌరవ మిచ్చినది నేరజాతుల చట్టము. అది 1871లో ఉత్తరహిందూదేశమున మొదలై 1911లో చెన్నరాజధానికిని వ్యాపించెను. ప్రభుత్వమువా రొక తెగను నేరజాతియని ప్రకటించినంతనే ఆ తెగవారి పేళ్లు పట్టిక కెక్కవచ్చును. వ్రేలిముద్ర లీయవలెను, నియమితవేళలకు హాజరు చెప్పవలెను, ఊరు కదలవలెనన్న చీటి పుచ్చుకొనవలెను. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి ప్రత్యేకపాఠశాలలలో నుంచుటకును 1911నాటి చట్ట మవకాశ మొసగెను. ఆ ప్రకటన చెల్లునా చెల్లదా యని న్యాయస్థానము విచారింపరాదు. దోషము ఋజువైన పిమ్మట దండనమనుట ధర్మము. ఇచ్చట దండనము పుట్టుకతోనే వచ్చును. దోషము రాకపోయినను పోదు.

మన జిల్లాలలో నీ భారము మోసినవారిలో ఎఱుకలవారు ముఖ్యులు. వీరిలో పెక్కండ్రు పూర్వము ఎద్దులమీదను గాడిదలమీదను సముద్రతీరమునుండి యుప్పును లోనాటికిని, లోనాటి ధాన్యమును తీరమునకును చేరవేసిన వర్తకులు. ప్రభుత్వము ఉప్పును తన గుత్తగా చేసికొనెను. పిమ్మట రైలుబండి వచ్చెను. 1876-78 నాటి కఱవు వచ్చెను. వర్తకము పోయిన బిడారు వట్టి దిమ్మరితన మయ్యెను. చట్టముదృష్టికి దిమ్మరియే దొంగ. 1913-14 ప్రాంతమున బాపట్లచెంత సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంఘముయొక్క యాజమాన్యమున వీరికొఱ కొక వసతి యేర్పడెను. చెన్నపురి ప్రభుత్వసభ్యుడగు హెరాల్డు స్టూవర్టు దొరపేర దానికి స్టూవర్టుపురమని పేరిడిరి. భూమి చూపిరి, కూలి చూపిరి. కాని హాజరు తప్పలేదు.

చట్టము చెన్నరాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952 ఆగష్టు 31వ తేదీని రద్దయ్యెను. అటుపిమ్మట 1962లో ఆంధ్రప్రదేశమున, అలవాటుగా నేరము చేయువారిని గూర్చిన వేఱొక చట్టము పుట్టెను. ఇందు జాతిమాట లేదు, వ్యక్తిమాటయే యున్నది, అంతవఱకు మేలే. కాని పేరు వ్రాయు చేతికి పాతపట్టిక కంఠపాఠము. 2024 అక్టోబరులో సుప్రీముకోర్టువారు చెఱసాలలలో కులమునుబట్టి పనులు పంచు నియమములను కొట్టివేయుచు, విముక్తజాతులవారిని నిష్కారణముగా నిర్బంధింపకుండ చూడుడని పోలీసులకు చెప్పవలసివచ్చెను. శాసనము చచ్చి డెబ్బదిరెండేండ్లైనను దాని నీడ చావలేదన్నమాట.

ఆ నీడను నేను పాఠశాలలోనే చూచితిని. ఒకనాడు ఎనిమిదవ తరగతిలో నొక పిల్లవాని జ్యామితిపెట్టె కనబడలేదు. నేనింకను విషయము విచారింపకమునుపే తరగతి యంతయు వెనుకబల్లవైపు తిరిగెను. అచ్చట కూర్చుండు బాలుడు లేచి, ఎవ్వరు నడుగకయే, తన సంచిని బల్లపై బోర్లించెను. నాలుగు పుస్తకములు, ఒక పలక, మూటగట్టిన యన్నము. "చూచుకోండి, మాస్టారూ" అనెను. కోపము లేదు, కన్నీరు లేదు, అభ్యాసమున్నది. "సర్దుకో నాయనా, నిన్నెవ్వరు నడుగలేదు" అంటిని. "తరువాత అడుగుతారు గదండీ" అనెను. పెట్టె దొరకలేదు. నాచేతిలోనున్న పుస్తకమును హాజరుపట్టీయే. ఒకే మాట, ఒకచోట నది బిడ్డను చదువునకు పిలుచును, ఇంకొకచోట వాని తాతను ఠాణాకు పిలిచెను.

ఇక్కడ చదువరు లొక్కమాట యడుగవచ్చును: "వారిలో దొంగలు లేరా? సొమ్ము పోయినవాడు మాత్రము బీదవాడు కాడా?" న్యాయమైన ప్రశ్నయే. దొంగలు లేకపోలేదు, ఏ కులమున లేరు? దొంగిలించినవానిని సాక్ష్యముతో పట్టి శిక్షింపుడని నేనును కోరుదును. నా వాదము సొమ్ము పోయినవాని పక్షముననే. పల్లెలో నేరము పట్టుబడుట యధికారి తెలివితేటలకంటె ఊరివారు చెప్పు నాలుగు మాటలపై నాధారపడియుండును. ఠాణాపేరు చెప్పగనే వణకు గూడెమునుండి ఆ నాలుగుమాట లెట్లు వచ్చును? గుడిసెలు సోదా చేయుచున్నంతసేపు నిజమైన దొంగ తీరికగా సొమ్ము దాటించును. అలవాటైన యనుమానమువలన నిర్దోషికి దెబ్బలును, దొంగకు వ్యవధియు, సొత్తుగలవానికి వట్టిచేతులును మిగులును.

మార్గములు లేకపోలేదు. 2024 జూలై 1 నుండి యమలుననున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ విభాగము ప్రకారము, పోలీసులు తామై కేసు పట్టదగిన నేరమును ఏ ఠాణాలోనైనను చెప్పవచ్చును. వ్రాసికొన్నదాని నకలు ఉచితముగ నీయవలెను. ఈ సంగతి మన యిండ్ల పనివారికి మనము చెప్పవచ్చును, వ్రాయలేనివారికి వ్రాసిపెట్టవచ్చును. 1970వ దశకమున జాషువకవిగారి కుమార్తె హేమలతగారును, గోరాగారి కుమారుడు లవణముగారును, ఆ దంపతులు, స్టూవర్టుపురమువారినడుమ సంస్కారకార్యము నడపిరి. నేరము విడుచుటకు ఉపదేశముతోపాటు బ్రతుకుతెరువును, మర్యాదయు కావలెనని వారు గ్రహించిరి.

అయినను 1991లో ఒక్కయేడే రెండు చలనచిత్రములు ఆ యూరిపేరు తలకెత్తుకొనెను. ఊరిపేరే తిట్టైన చోట నుద్యోగమున కర్జీ వ్రాయు పిల్లవాని చేయి చిరునామాకడ నాగదా? ఆ తిట్టును పోలీసులు మనకు నేర్పలేదు. అన్నము తిననని మారాముచేయు బిడ్డకు "దొంగవాడు పట్టుకొనిపోవు"నని చెప్పుచు, ఆ దొంగవానికొక కులమును కట్టబెట్టుట మన వంటయింటిలోనే జరుగుచున్నది. చట్టము మార్చుట శాసనసభవారి పని. ఈ మాట మానుట మన పని. దానికి గెజెటు ప్రకటన యక్కఱలేదు.