మలార్గ్వే మైదానంలో వాట్ల లెక్క

అర్జెంటీనాలో మెండోసా రాష్ట్రపు మలార్గ్వే ఊరు దాటితే ఆండీస్ కొండల అంచుదాకా పొదల మైదానమే. అక్కడే అంతరిక్షం నుంచి వచ్చే కణాలను పట్టే పియెర్ ఓజే అబ్జర్వేటరీ. ఒకటిన్నర కిలోమీటరుకొకటి చొప్పున 1,660 నీటి తొట్లు 3,000 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుని ఉన్నాయి. నేను చూడబోయింది తొట్లను కాదు, ఇటీవలి ఏళ్లలో వాటిమీద నిలిపిన యాంటెనాలను, అవి పట్టిన సంకేతాన్ని అంకెలుగా మార్చే డిజిటైజర్లను. ఇలాంటి పరికరం గొప్పతనాన్ని వేగంతో కొలవడం మనకు అలవాటు. ఇక్కడ నిలబడి చూస్తే మాత్రం, ఒక్కో వాటుకు ఎంత వేగం దక్కిందన్నదే అసలు కొలత అనిపిస్తుంది.

అంతరిక్ష కణం గాలిని ఢీకొని కోట్లాది కణాల జల్లవుతుంది. అందులోని ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను భూమి అయస్కాంత క్షేత్రం చెరోవైపు లాగడంతో నానోసెకన్లలో ముగిసిపోయే రేడియో తరంగం పుడుతుంది. యాంటెనా వినేది 30 నుంచి 80 మెగాహెర్ట్జ్ దాకా. 80 మెగాహెర్ట్జ్‌ను సరిగా పట్టాలంటే సెకనుకు 16 కోట్లకు పైగా కొలతలు కావాలి. ఇక్కడ 25 కోట్లు తీస్తారు, ఒక్కొక్కటి 12 బిట్లలో. యాంటెనా వినే రెండు దిశలకూ కలిపి సెకనుకు 600 కోట్ల బిట్లు! తొట్టి, యాంటెనా కలిసిన ఒక్కో స్టేషన్‌కు తొలినాళ్లలో ఇచ్చిన రేడియో లింకు మోసింది సెకనుకు సుమారు 1,200 బిట్లు. సోలార్ పలకలు, రెండు బ్యాటరీలమీద ఎలక్ట్రానిక్స్‌కు కేటాయించింది సగటున 10 వాట్లు, ఇంట్లో ఒక ఎల్ఈడీ బల్బుకయ్యేంత కరెంటు. అందుకే కొలతలన్నీ అక్కడికక్కడే మెమరీలో ఆగుతాయి. జల్లు పడిందని తొట్టి చెప్పి, కేంద్రం అడిగినప్పుడే ఆ కొద్ది మైక్రోసెకన్ల ముక్క అక్కడికి వెళుతుంది.

పలకలు పెద్దవి పెడితే పోలేదా అనవచ్చు. ఒక చోటైతే సరే. 1,660 చోట్ల పలక, బ్యాటరీ, వాటి మరమ్మతు అంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. పైగా కరెంటు మార్చే సర్క్యూట్ల రొద యాంటెనా వినే పౌనఃపున్యాల్లోనే పడవచ్చు. పోనీ, స్టేషన్లు తగ్గిద్దామా? అత్యధిక శక్తి కణాలు చదరపు కిలోమీటరుకు శతాబ్దానికి ఒకటి కూడా రావు. విస్తీర్ణం తగ్గిందంటే పట్టుబడే కణాలే తగ్గాయని. వాట్లు పొదుపు చేసిన ఇంజనీరు ఆకాశాన్ని పెంచుతున్నాడని నేననేది ఇందుకే.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. గ్రీన్‌లాండ్ మంచులో న్యూట్రినోల కోసం పెట్టిన ఆర్‌ఎన్‌ఓ-జీ స్టేషన్లలో, సంకేతాన్ని కెపాసిటర్ల వరుసలో తాత్కాలికంగా పట్టి ఉంచే చిప్‌లు తక్కువ కరెంటుతోనే సెకనుకు 200 కోట్లకు పైగా కొలతలు తీస్తాయి. అవే ఇక్కడా పెట్టవచ్చు కదా? వాటి జ్ఞాపకం ఒకటి రెండు మైక్రోసెకన్లే. అంతలోనే ఉంచాలో వదలాలో తేలిపోవాలి. మలార్గ్వేలో కేంద్రం నుంచి పిలుపు వచ్చేసరికి సెకన్లు గడుస్తాయి. అంతేకాదు, వాలుగా దిగే జల్లులో తొట్టి మ్యువాన్లనే కణాలను లెక్కిస్తుంది, యాంటెనా ఎలక్ట్రాన్ల శక్తిని కొలుస్తుంది. వచ్చింది ప్రోటానా, ఇనుములాంటి బరువైన కేంద్రకమా అన్నది తేల్చేది ఆ రెండింటి నిష్పత్తే. కాబట్టి రెండూ ఒకే చోట, ఒకే బ్యాటరీమీద, ఒకే జల్లుకోసం మేలుకుని ఉండాలి.