సముద్రం అడుగున మంత్రివర్గం!

మంత్రివర్గ సమావేశం అనగానే ఏసీ గది, పొడవాటి బల్ల, ఫైళ్ల గుట్టలు, వేడివేడి టీ గుర్తొస్తాయి. 2009 అక్టోబరు 17న మాల్దీవుల్లో జరిగిన సమావేశంలోనూ బల్లలున్నాయి. వాటిమీద సంతకం పెట్టాల్సిన కాగితమూ ఉంది. టీ మాత్రం లేదు. ఎందుకంటే, ఆ సమావేశం జరిగింది సముద్రం అడుగున!

రాజధాని మాలె నుంచి స్పీడ్‌బోటులో ఇరవై నిమిషాలు వెళితే గిరిఫుషి అనే చిన్న దీవి వస్తుంది. అధ్యక్షుడు మహమ్మద్ నషీద్‌తో పాటు మంత్రులంతా వీపున గాలి సిలిండర్లు కట్టుకుని అక్కడి నీళ్లలోకి దిగారు. నషీద్‌కి డైవింగ్ అలవాటే. పాపం, మంత్రుల్లో చాలామంది ఇందుకోసం శిక్షణ తీసుకోవాల్సి వచ్చింది. ముగ్గురు మాత్రం రాలేదు. ఒకరు విదేశంలో ఉన్నారు, ఇద్దరిని డాక్టర్లు వద్దన్నారు.

నీళ్లలో నోరు తెరవడం కుదరదుగా! అందుకే చేతి సైగలు, తెల్లబోర్డు మీద రాతలతోనే పని కానిచ్చారు. అరుపుల్లేవు, వాకౌట్లు లేవు. పిలవకుండా వచ్చిన అతిథులు చేపలొక్కటే. ప్రపంచ దేశాలన్నీ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించాలన్న తీర్మానం మీద సంతకాలు చేసి, అరగంటలో పైకి వచ్చేశారు.

చూడ్డానికి నవ్వులాటే. కానీ, ఆ దేశం సంగతి తెలిస్తే నవ్వు ఆగిపోతుంది. మాల్దీవులంటే దాదాపు 1200 పగడపు దీవులు. సముద్రమట్టానికి వాటి సగటు ఎత్తు మీటరున్నర. ఎనభై శాతానికి పైగా నేల ఒక్క మీటరు లోపే... అంటే మనిషి నడుమెత్తు! నీళ్లొస్తే ఎక్కి కూర్చోవడానికి చిన్న గుట్ట కూడా లేదు.

ఇంతకీ సముద్రం ఎందుకు పెరుగుతోంది? జవాబు వంటింట్లోనే ఉంది. గిన్నె అంచుదాకా నీళ్లుపోసి పొయ్యిమీద పెట్టండి. మరగకముందే పొర్లుతాయి. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది మరి. బొగ్గు, పెట్రోలు కాల్చగా వచ్చే వాయువులు భూమికి దుప్పటిలా కప్పుకుంటున్నాయి. అలా చిక్కుకున్న వేడిలో తొంభై శాతం దాకా సముద్రంలోకే చేరుతోంది. రెండో కారణం మంచు. షర్బత్ గ్లాసులో తేలే ఐసుముక్క కరిగితే మట్టం పెరగదు. బయటి నుంచి ఇంకో ముక్క వేస్తే పెరుగుతుంది. గ్రీన్‌లాండ్ నేలమీది మంచు కరిగి సముద్రంలో కలవడం ఆ రెండో ముక్కలాంటిదే. 1900 నుంచి ఇప్పటివరకూ సముద్రమట్టం సుమారు ఇరవై సెంటీమీటర్లు, అంటే దాదాపు జానెడు పెరిగింది.

జానెడేగా అనుకోవడానికి లేదు. 1987లో ఎగసిపడిన అలలు మాలెను ముంచెత్తాయి. ఆ తర్వాత జపాన్ సాయంతో నగరం చుట్టూ గోడ కట్టుకున్నారు. పక్కనే సముద్రగర్భం నుంచి తోడిన ఇసుకతో 1997లో హుల్‌హుమాలె అనే కృత్రిమ దీవిని మొదలుపెట్టారు. దాన్ని సుమారు రెండు మీటర్ల ఎత్తున నింపారు. నీరు ఎక్కకముందే నేలనే ఎక్కించారన్నమాట! 2018లో రెంటినీ కలుపుతూ వంతెన కూడా వచ్చింది. అయితే అలల జోరును తగ్గించే అసలు గోడ పగడపు దిబ్బలే. నీరు వేడెక్కితే అవి తెల్లబడిపోతాయి. 1998లో, మళ్లీ 2016లో అదే జరిగింది. దిబ్బ చచ్చిపోతే దీవికి కొత్త ఇసుక పుట్టదు.

నీళ్లలో సంతకాలు చేసిన ఆ విన్నపం వెలువడిన రెండు నెలలకు కోపెన్‌హాగెన్‌లో దేశాలన్నీ సమావేశమయ్యాయి. అందరూ కట్టుబడి తీరాల్సిన ఒప్పందమేదీ కుదరలేదు. అప్పట్లో గాలిలోని ప్రతి పది లక్షల పాళ్లలో 387 కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 2024 నాటికి అది 420 దాటింది. ఇందులో మాల్దీవుల వాటా లెక్కలోకి రానంత చిన్నది.

ముక్కుకు మాస్కులు, చేతిలో పెన్నులతో కూర్చున్న ఆ మంత్రుల ఫొటో చూపిస్తే ఏ ఇంట్లోనైనా పిల్లలు ముందు నవ్వుతారు. తర్వాత, "వాళ్లు నీళ్లలో ఎందుకు కూర్చున్నారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే కదా, అంతమంది మంత్రులు ఈత దుస్తులు తొడుక్కుంది!