శని ఆదివారాల పెళ్ళిపెద్ద

సోమవారం నుంచి శుక్రవారం దాకా నాది డేటాబేసుల పని. శని ఆదివారాల్లో సూటు తగిలించుకుని పార్కుల్లోనో, ఎవరింటి పెరట్లోనో పెళ్ళిళ్ళు చేయిస్తుంటాను. ఈ ముక్క వినగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "మీరు బ్రాహ్మలా?". రెండోది "ఒక్కో పెళ్ళికి ఎంతొస్తుంది?". మొదటిదానికి జవాబు, కాదు. రెండోదానికి, మీరనుకున్నంత రాదు :)

దీనికంతటికీ మూలం నా పెళ్ళే. 2016లో ఇక్కడే, మెల్‌బోర్న్‌లో చేసుకున్నాం. నాది తెనాలి. మా ఆవిడది కొట్టాయం వైపు సిరియన్ క్రైస్తవ కుటుంబం. గుళ్ళో అంటే వాళ్ళమ్మ నొచ్చుకుంటుంది, చర్చిలో అంటే మా అమ్మ నొచ్చుకుంటుంది. ఇద్దరూ సమానంగా నొచ్చుకునేది రిజిస్ట్రీ ఆఫీసు పెళ్ళికి. నెల రోజులు ఫోన్లలో ఇదే గోల. ఆఖరికి ఆఫీసులో నా పక్క సీటాయన "సెలబ్రెంటుని పెట్టుకోవచ్చుగా" అన్నాడు. అదేదో పెళ్ళిలో మైకు పట్టుకుని జోకులేసే మనిషి అనుకునేరు, కాదు.

ఆస్ట్రేలియాలో పెళ్ళిళ్ళ చట్టం 1961 నాటిది. అప్పట్లో మతం అక్కర్లేదనుకున్నవాళ్ళకి రిజిస్ట్రీ ఆఫీసు తప్ప వేరే గతి లేదు. 1973లో అటార్నీ జనరల్‌గా ఉన్న లయనెల్ మర్ఫీ, మామూలు పౌరులకి కూడా పెళ్ళి చేయించే అధికారం ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆ జులైలో మొదటగా నియమించింది లోయిస్ డార్సీ అనే యువతిని. 1999 వచ్చేసరికి ఇలాంటి సివిల్ పెళ్ళిళ్ళ సంఖ్య మతపరమైన పెళ్ళిళ్ళని దాటేసింది. ఇప్పుడైతే పదింట సుమారు ఎనిమిది ఇవే.

మాకు దొరికిన సెలబ్రెంటు ఒక రిటైరైన స్కూలు టీచరు. మొదటిసారి కలిసినప్పుడు మా రెండు కుటుంబాల కోరికలన్నీ స్ప్రెడ్‌షీటులో పెట్టి తీసుకెళ్ళాం. భోజనాలు, చీరలు, ఫొటోలు, ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదు, వగైరా. ఆవిడ అంతా ఓపిగ్గా చూసి, "ఇవన్నీ బానే ఉన్నాయి. మీరిద్దరూ ఒకరికొకరు ఏమని మాటిస్తున్నారు?" అనడిగింది. తర్వాత మూడు వారాలు ఆ ఒక్క వరసని నింపడానికే పట్టింది.

ఇక్కడి చట్టం అడిగేది నిజానికి చాలా తక్కువ. కనీసం నెల రోజుల ముందు నోటీసు ఫారం సెలబ్రెంటుకి ఇవ్వాలి. ఆ రోజున సెలబ్రెంటు, పెళ్ళి చేయించే అధికారం తనకుందని చెప్పాలి, ఈ దేశపు చట్టం ప్రకారం పెళ్ళంటే ఏంటో చెప్పాలి. తర్వాత ఆ ఇద్దరూ, 18 ఏళ్ళు నిండిన ఇద్దరు సాక్షుల ముందు, పేరు పెట్టి "నేను ఫలానా మనిషిని పెళ్ళి చేసుకుంటున్నాను" అని నోటితో చెప్పాలి. సంతకాలు. అంతే. మిగతాదంతా మనిష్టం. మేం జీలకర్ర బెల్లం పెట్టుకున్నాం. మలయాళీ క్రైస్తవులు మిన్ను అనే చిన్న తాళి కడతారు, అదీ కట్టాను, మంత్రకోడి చీరా పెట్టాను. అమ్మ తెనాలిలో శాస్త్రిగారి చేత ముహూర్తం పెట్టించింది. ఆయన ఉదయం 9:42 అన్నారు. దాన్ని మెల్‌బోర్న్ టైములోకి మారిస్తే మధ్యాహ్నం 3:12. లగ్నం అలా టైమ్ జోన్‌ని బట్టి మారదురా అని మా బాబాయి మొత్తుకున్నా, అమ్మ పట్టించుకోలేదు. సెలబ్రెంటు గారు మాత్రం వాచీ చూసుకుని మరీ 3:12కి కానిచ్చింది.

పెళ్ళయ్యాక ఫొటోలూ చీరలూ మర్చిపోయాను గానీ, ఆవిడ అడిగిన ప్రశ్న బుర్రలోంచి పోలేదు. మన పెళ్ళిళ్ళలో ప్రతిదానికీ ఒక మంత్రముంది, ఒక మర్యాదుంది. తాంబూలాలు పుచ్చుకునేటప్పుడు రెండువైపుల పెద్దల మాటా తీసుకుంటారు. నాతిచరామి అని పెళ్ళికొడుకు చేత అనిపిస్తారు. కన్యాదానంలో తండ్రి ఇస్తాడు, అల్లుడు పుచ్చుకుంటాడు. మూడు గంటల తంతులో "అమ్మాయ్, నీకిష్టమేనా?" అని అందరికీ వినబడేలా అడిగే ఘట్టం మటుకు నాకెక్కడా కనపడలేదు. అది పెళ్ళిచూపుల్లోనే అయిపోయిందంటారు. ఆ పిల్ల తలొంచుకుంది కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క! ముస్లింల నిఖాలో అయితే అమ్మాయి ఒప్పుకోలు విడిగా అడుగుతారు.

అలాగని మనవాళ్ళకి ఈ ఆలోచన రాలేదని కాదు. మా తెనాలిలోనే సూతాశ్రమం కట్టుకుని ఉన్న బారిస్టరు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887-1943), అర్థం కాని మంత్రాలతో పెళ్ళేంటని తెలుగులోనే 'వివాహ విధి' రాశాడు. తనే దగ్గరుండి పెళ్ళిళ్ళు చేయించాడు. చిన్నప్పుడు ఇదంతా నాకు ఊరి కబుర్లలో ఓ ముక్క. మెల్‌బోర్న్‌లో ఓ టీచరు ముందు కూర్చుంటే గానీ ఆయన పట్టుకున్న పాయింటేంటో తలకెక్కలేదు.

మన 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద కూడా ఇద్దరూ నోటితో చెప్పాలి. దానికీ 30 రోజుల నోటీసుంది. కాకపోతే ఆ నోటీసుని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకునేవాళ్ళకి ఆ కాగితం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి నోటీసు సెలబ్రెంటు దగ్గరే ఉంటుంది, ఏ గోడకీ ఎక్కదు. గడువు దాదాపు అదే. అక్కడ అది చూసేవాళ్ళ కోసం, ఇక్కడ చేసుకునేవాళ్ళ కోసం.

ఇలా ఆలోచించీ ఆలోచించీ, సాయంత్రాలు కూర్చుని సర్టిఫికెట్ ఫోర్ ఇన్ సెలబ్రెన్సీ అనే కోర్సు పూర్తి చేశాను. తర్వాత అటార్నీ జనరల్ శాఖకి దరఖాస్తు. నేను ఈ పనికి తగిన మనిషినా కాదా అని వాళ్ళు అన్నీ చూసి, 2019లో రిజిస్టర్ చేశారు. మా ఆవిడ "వీకెండ్ కూడా ఆన్ కాలేనా" అంది.

2024 జూన్ 12 నుంచి ఇక్కడ ఒక కొత్త నిబంధన వచ్చింది. పెళ్ళికి ముందు సెలబ్రెంటు ఆ ఇద్దరినీ విడివిడిగా, ఎదురెదురుగా కలవాలి. ఇష్టంతోనే చేసుకుంటున్నారా, బలవంతమేమైనా ఉందా తెలుసుకోవాలి. డేటాబేసుల వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. టూ ఫేజ్ కమిట్. ముందు ఒక్కో నోడ్‌నీ విడిగా "రెడీయేనా?" అని అడుగుతాం. అందరూ అవునంటేనే కమిట్. ఒక్కరు కాదన్నా రోల్‌బ్యాక్. మన పెళ్ళిళ్ళలో మొదటి ఫేజులో అడిగేది నోడ్‌లని కాదు, వాటి తల్లిదండ్రులని.

నిజం చెప్పొద్దూ, ఈ విడి మీటింగు పది పెళ్ళిళ్ళలో తొమ్మిదింటికి ఐదు నిమిషాల పని. నవ్వుతూ వస్తారు, నవ్వుతూ పోతారు. ఒక పెళ్ళి మాత్రం అలా కాలేదు. వివరాలు కొంత మార్చి చెప్తున్నా. తెలుగమ్మాయే. అబ్బాయి మంచివాడే, దురుసు మాటేదీ లేదు. ఆ అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి, తెలుగులోనే అడిగాను, "ఇది మీ ఇష్టంతో జరుగుతున్న పెళ్ళేనా?" అని. చాలాసేపు కాఫీ కప్పు తిప్పుతూ కూర్చుంది. తర్వాత, "అమ్మా నాన్నా టిక్కెట్లు కొనుక్కుని వచ్చేశారండీ" అంది.

నేనడిగినదానికి జవాబు అది కాదు. తనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇష్టం లేదన్న అనుమానం ఉంటే పెళ్ళి చేయించే అధికారం నాకు లేదండీ, వాయిదా వేస్తే ఆ నింద నా మీద వేసేయండి అని చెప్పాను. ఆ రోజు ఆ పెళ్ళి జరగలేదు. వాళ్ళ నాన్నగారు ఫోన్లో నన్ను అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆయన బాధ నాకర్థమైంది, హాలుకి కట్టిన డబ్బుతో సహా. అయినా ఆ పరిస్థితి మళ్ళీ వస్తే అదే చేస్తాను. ఆ తర్వాత ఏమైందన్నది వాళ్ళ సొంత విషయం.

ఈ సంగతి పేర్లు లేకుండా అమ్మకి చెప్పాను. "పాపం, ఆ తల్లిదండ్రులు" అంటుందనుకున్నా. కాసేపాగి, "నన్నెవరూ అడగలేదురా" అంది. మళ్ళీ తనే, "అడిగినా సరేననేదాన్నిలే. మీ నాన్న మంచాయనే. అయినా అడిగుంటే బావుండేది" అంది. నలభై ఏళ్ళ పైచిలుకు కాపురంలో అమ్మ నోట ఈ మాట ఎప్పుడూ వినలేదు.

అందుకే మీ ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తుంటే ఒక్క పని చేయండి. హాలుకి అడ్వాన్సు కట్టకముందే పిల్లనీ, పిల్లాణ్ణీ విడివిడిగా కూర్చోబెట్టి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, అడగండి. అడిగాక, జవాబు వచ్చేదాకా ఆగండి. దీనికి లైసెన్సు అక్కర్లేదు.